రాత్రి తాగింది పొద్దున్న బండెక్కుతుంది

అల్లుడూ,

మొన్న నీ బైక్ ట్యాక్సీ మీద నన్ను మియాపూర్ మెట్రో దగ్గర దింపినప్పుడు నేనేమీ అనలేదు. పొద్దున ఎనిమిదిన్నర. నువ్వు హెల్మెట్ తీయగానే వాసన కొట్టింది. "రాత్రి ఒక్క క్వార్టరే మామా, పన్నెండింటికల్లా పడుకున్నా" అని నేను అడక్కుండానే నువ్వే అన్నావు. అదే నా బుర్రలో తిరుగుతోంది. ఫోన్లో చెబితే "సరే మామా" అంటూనే ఇంకో రైడ్ ఎత్తుకుంటావు కాబట్టి ఉత్తరం రాస్తున్నా.

నిన్ను తాగుబోతు అనడం లేదు. నువ్వు రోడ్డు మీద పడిపోలేదు, ఇంట్లో గొడవ పడలేదు, అమ్మకు పంపాల్సిన డబ్బు ఆపలేదు. కానీ తాగుబోతు కావడానికి ముందు ఇంకో మెట్టు ఉంటుంది. నష్టం ఇంకా జరగలేదు, తాగే తీరు మాత్రం అటే పోతోంది. దాన్ని పట్టుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు 10 ప్రశ్నలు పెట్టారు. 8 మార్కులు వచ్చాయంటే జాగ్రత్త పడాలి. తక్కువ వచ్చినవాడే పాసయ్యే పరీక్ష అది. నేను ఆటో తోలే రోజుల్లో రాసుంటే క్లాస్ ఫస్ట్ వచ్చేవాణ్ణి.

ఇప్పుడు లెక్క చూడు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం ఆల్కహాల్ అని ఉంటుంది. అంటే లోపలికి వెళ్లే ఆల్కహాల్ 60 గ్రాముల పైమాటే. నీలాంటి ఒళ్లున్నవాడి కాలేయం గంటకు సుమారు 7 గ్రాములు అరిగిస్తుంది. అంటే ఒక్క క్వార్టర్ పూర్తిగా దిగడానికి దగ్గర దగ్గర 9 గంటలు. పన్నెండింటికి పడుకున్నవాడు ఎనిమిదిన్నరకు ఎక్కడున్నట్టు? హాఫ్ కొడితే మర్నాడు సాయంత్రం పీక్ టైమ్ దాకా ఒంట్లోనే ఉంటుంది. ఒక్క స్ట్రాంగ్ బీరు కూడా ఆరు గంటల సరుకు, "బీరే కదా" అనుకోకు. చన్నీళ్ల స్నానం, నిమ్మకాయ మజ్జిగ, రెండు ఇరానీ చాయ్‌లు నిద్రమత్తు వదిలిస్తాయి గానీ కాలేయాన్ని తొందరపెట్టలేవు.

మా ఆటోకు మూడు చక్రాలు, నేను ఊగినా బండి నిలబడేది. నీకున్నవి రెండే. వెనక కూర్చున్న మనిషికి నీ భుజం తప్ప పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఒక చూపు మ్యాప్ మీద, ఒక చూపు రోడ్డు మీద. బ్రేక్ అర సెకను ఆలస్యమైతే చాలు.

నా సంగతి ఒకటి ఎవరికీ చెప్పలేదు, మీ అత్తకు కూడా. ఒకరోజు పొద్దున మెహిదీపట్నంలో ఒక టీచరమ్మ ఎక్కింది. లక్డీకాపూల్ రాకముందే "ఇక్కడ ఆపండి" అంది. మొత్తం కిరాయి ఇచ్చి దిగి, అక్కడే నిలబడి ఇంకో ఆటో పిలుచుకుంది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి.

ఎందుకు తాగుతావో నాకు తెలుసు. పన్నెండు గంటలు బండి మీద కూర్చుంటే నడుము పట్టేస్తుంది, చెవుల్లో హారన్లు ఆగవు, ఇన్సెంటివ్‌కు ఒక్క రైడ్ తక్కువైన టెన్షన్. ఒక పెగ్గు పడితే నిద్ర వస్తుంది. రావడం నిజమే, కానీ ఆ నిద్ర తెల్లవారుజామున తెగిపోతుంది, మర్నాడు ఇంకా అలసట. ఆ అలసటకు మళ్లీ క్వార్టర్. నడుముకు మందు వైన్స్‌లో దొరకదురా, గంటకోసారి బండి దిగి పది నిమిషాలు నడవడంలో ఉంది.

దుకాణం మూస్తే మానేస్తామనుకోకు. 1995లో ఎన్టీఆర్ నిషేధం పెట్టినప్పుడు మేం జహీరాబాద్ కుర్రాళ్లం బీదర్ దాకా పోయి తాగొచ్చాం. అలవాటున్నది దుకాణంలో కాదు, బ్యాచ్‌లో. రాత్రి లాగౌట్ కాగానే నువ్వు ఎవరి పక్కన బండి ఆపుతున్నావో చూసుకో. రూములో సీసా ఉంచకు. పెట్రోల్ లెక్క రాసే పుస్తకంలోనే ఆ రోజు ఎంత తాగావో, ఎన్నింటికి ఆపావో కూడా రాయి. తాగితే మర్నాడు పొద్దున షిఫ్ట్ పెట్టుకోకు. ఖాళీ కడుపుతో అసలు వద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. పొద్దున్నే చేతులు వణుకుతుంటే, చెమటలు పడుతుంటే, ఒక గుక్క పడితేగానీ కుదుటపడకపోతే, వీరుడిలా ఒక్కసారిగా ఆపేయకు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో వైన్స్, కల్లు కాంపౌండ్లు మూసేసినప్పుడు ఎర్రగడ్డ ఆస్పత్రి ముందు జనం ఎలా బారులు తీరారో చూశాం కదా. డాక్టర్ చేతుల్లో ఆపాలి, మందులున్నాయి. ముందు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీ అమ్మకు కూడా చెప్పు, ఎవరో ఇచ్చిన మాన్పించే మందు నీకు తెలియకుండా కూరలో కలపొద్దని. ఆ మందు కడుపులో ఉండగా నువ్వు తాగితే గుండెకే ప్రమాదం.

పోలీసుల సంగతి రెండు ముక్కలు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్స్ పోతే కంపెనీ ఐడీ కూడా పోతుంది. కౌన్సెలింగ్‌కు ఇంట్లోవాళ్లను తీసుకురమ్మంటారు. మీ నాన్నను పిలవలేక నన్ను పిలుస్తావు, తెలుసు. వస్తాను గానీ, అక్కడి దాకా తెచ్చుకోకు.

ఆదివారం ఇంటికి రా. ఆ పుస్తకం తీసుకురా, ఏం రాసి ఉన్నా తిట్టను. శనివారం రాత్రి తాగి ఉంటే బండి మీద రాకు, మెట్రోలో రా. మీ అత్త బోటీ కూర వండుతానంది.

మీ మామ