టెక్ సందేహాలు: గ్లవ్ బాక్స్ వెనకాల ఫిల్టరుకు ఇంత బిల్లా?

ఎండలు ముదిరాయి. ఈ వారం వచ్చిన సందేహాల్లో ఫోన్ల కంటే కార్ల ఏసీల గురించే ఎక్కువ. అందులోనూ చాలామంది అడిగింది ఒక్కటే, గ్లవ్ బాక్స్ వెనకాల ఉండే ఆ మడతల కాగితానికి అంత రేటేమిటని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. ల్యాప్‌టాప్, వాట్సాప్ ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

మాది 2023 మోడల్ హ్యాచ్‌బ్యాక్. మొన్న తిరుపతిలో సర్వీసుకు ఇస్తే బిల్లులో క్యాబిన్ ఫిల్టర్ రూ.640, మార్చినందుకు లేబర్ రూ.250, ఏసీ డిసిన్ఫెక్షన్ రూ.900 వేశారు. ఇవన్నీ అవసరమేనా? నేనే కొనుక్కుని మార్చుకుంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ పోతుందంటున్నారు, నిజమేనా సార్? — ఒక ఉపాధ్యాయుడు, చంద్రగిరి

మీ బిల్లులో ఉన్న మూడింటిలో మొదటిది అవసరం, రెండోది మీ చేతిలో పని, మూడోది మీరు అడిగితే తప్ప చేయకూడనిది.

ముందు పేరు దగ్గర జాగ్రత్త. మన మెకానిక్కులు దీన్ని ఏసీ ఫిల్టర్ అంటారు. షాపుకెళ్లి ‘ఎయిర్ ఫిల్టర్’ అని అడిగితే బానెట్ కింద ఇంజిన్‌కి ఉండేది చేతిలో పెడతారు. మీకు కావాల్సింది బ్లోయర్‌కి, అంటే ఏసీ గాలిని తోసే ఫ్యాన్‌కి, ముందు ఉండే క్యాబిన్ ఫిల్టర్. లోపలికొచ్చే గాలి దీని గుండానే వెళ్తుంది. చాలా కార్లలో లోపలి గాలినే మళ్లీ తిప్పే రీసర్క్యులేషన్ బటన్ నొక్కినా అంతే. అది దుమ్ముతో మూసుకుపోతే ఫ్యాన్ నాలుగులో పెట్టినా గాలి రెండులో ఉన్నట్టు వస్తుంది. గ్యాస్ తగ్గిందేమో అనుకుని గ్యాస్ పట్టించడానికి పరిగెత్తే వాళ్లు ముందు ఈ ఫిల్టర్ బయటికి తీసి చూడండి. అదే కారణమైతే పెద్ద ఖర్చు తప్పినట్టే.

రేటు సంగతి. చిన్న కార్లకు మామూలు ఫిల్టర్ బయట స్పేర్ పార్ట్స్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో సుమారు రూ.200 నుంచి రూ.500 మధ్య దొరుకుతుంది. వాసనల్ని పట్టే కార్బన్ పొర ఉన్నదైతే ఇంకో రెండు మూడు వందలు ఎక్కువ. కార్ల కంపెనీలు ఈ ఫిల్టర్లను ఎక్కువగా సప్లయర్ల దగ్గరే చేయించుకుంటాయి. బాష్, మాన్, మాహ్లే, వాలియో లాంటి కంపెనీలు తమ పేరుతోనూ వీటిని అమ్ముతాయి. కారు కంపెనీ లోగో ఉన్న డబ్బా కొంటే కొంత డబ్బు ఆ లోగోకే పోతుంది. లోగో డబ్బానే కావాలంటే అది కూడా బయట కౌంటర్‌లో ఎమ్మార్పీ మీద తగ్గింపుతో దొరుకుతుంది. గట్టిగా అడగాలంతే.

లేబర్ విషయానికొస్తే, చాలా కార్లలో ఇది పది నిమిషాల పని, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. గ్లవ్ బాక్స్‌లో ఉన్న కాగితాలు, కుంకుమ పొట్లాలు, పాత టోల్ రసీదులు అన్నీ బయట పెట్టండి. పక్కన చిన్న దారం లాంటి డ్యాంపర్ ఉంటే దాని కొక్కెం తప్పించండి. రెండు పక్క గోడల్ని లోపలికి నొక్కితే బాక్స్ మొత్తం కిందికి వాలిపోతుంది. ఎదురుగా పొడుగాటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. దాని క్లిప్పులు నొక్కి లాగితే ఫిల్టర్ సొరుగులా బయటికొస్తుంది. మెల్లగా, అడ్డంగానే లాగండి. ఏటవాలుగా లాగితే మడతల్లో ఉన్న ఎండుటాకులు, దుమ్ము నేరుగా బ్లోయర్‌లోకి రాలతాయి, ఆ తర్వాత ఫ్యాన్ వేసినప్పుడల్లా టకటకమని చప్పుడు. పాతది తీసేటప్పుడే అంచు మీద ‘ఎయిర్ ఫ్లో’ అని ఉన్న బాణం ఎటు చూస్తోందో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. కొత్తదాన్నీ అదే దిక్కుగా పెట్టాలి. కొన్ని మోడళ్లలో స్క్రూలు ఉంటాయి, కొన్నింటిలో ఫిల్టర్ డ్యాష్‌బోర్డు కింద కాళ్ల దగ్గర ఉంటుంది. మీ మోడల్ పేరుతో యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి మొదలుపెట్టండి.

ఇక వారంటీ. ఈ బెదిరింపు పాతదే. విడిభాగాలను బయటి మార్కెట్‌కి రానివ్వడం లేదని, బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దు చేస్తామంటున్నారని వచ్చిన ఫిర్యాదు మీద 2014 ఆగస్టులో మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం తీసేసే షరతులు పెట్టొద్దని ఆదేశించింది. ఆ జరిమానాల మీద అప్పీళ్లు నడిచాయి, అది వేరే కథ. మీ వరకు విషయం ఇది: మీరు పెట్టిన వస్తువు వల్లే ఏదైనా పాడైతే ఆ నష్టం మీదే. క్యాబిన్ ఫిల్టర్ మార్చినంత మాత్రాన గేర్‌బాక్స్ వారంటీ పోదు. ఎవరైనా పోతుందంటే, వారంటీ బుక్‌లెట్‌లో ఆ మాట ఎక్కడుందో చూపించమనండి. సర్వీసులు మాత్రం బుక్‌లెట్ ప్రకారం చేయించుకుంటూ ఉండండి, ఫిల్టర్ కొన్న బిల్లు దాచుకోండి.

డిసిన్ఫెక్షన్ అంటే లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద నురగో స్ప్రేనో కొట్టడం. ఏసీ వేయగానే తడి గోనెసంచి వాసన వస్తుంటే చేయించుకోండి, తప్పులేదు. వాసనే లేనప్పుడు రూ.900 దండగ. ఇల్లు చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం నడవనివ్వండి. లోపలి చెమ్మ ఆరిపోతే ఆ వాసన చాలావరకు పుట్టదు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకో మాట. వచ్చే సర్వీసుకు వెళ్లే ముందు మీ ఫిల్టర్ అంచు మీద మార్కర్‌తో తేదీ రాసిపెట్టండి. నల్లగా మట్టిపట్టిన ఫిల్టర్ ఒకటి తెచ్చి ‘చూడండి సార్ మీది’ అన్నప్పుడు అది మీదో కాదో అక్కడే తేలిపోతుంది.

ఆన్‌లైన్‌లో ఒకే కారుకు రూ.180 నుంచి రూ.1,400 దాకా ఫిల్టర్లు కనిపిస్తున్నాయి. కార్బన్, హెపా, హెచ్13 అని ఏవేవో రాస్తున్నారు. ఏది కొనాలి? — ఒక పాఠకురాలు, రేణిగుంట

కారు పేరుతో వెతకడం మానేయండి, పార్ట్ నంబర్‌తో వెతకండి. డబ్బు మిగిలే చోటు అదే. పాత ఫిల్టర్ అంచు మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఒక నంబర్ ఉంటుంది. దాన్ని యథాతథంగా సెర్చ్‌లో కొడితే అదే కొలతతో వేరే కంపెనీలు చేసిన ఫిల్టర్లు కూడా వస్తాయి. కారు పేరుతో కొడితే ‘ఆల్ మోడల్స్’ అని రాసి ఏదో ఒకటి అంటగట్టేవాళ్లు ముందు వరుసలో ఉంటారు. పాతదాన్ని స్కేలుతో పొడవు, వెడల్పు, మందం కొలుచుకోండి. ఐదు మిల్లీమీటర్లు తక్కువైనా పక్క సందులోంచి దుమ్ము దర్జాగా వెళ్లిపోతుంది. ఫిల్టర్ ఎంత మంచిదైనా అప్పుడు ఉపయోగం లేదు.

ఒకే కారు రెండు కంపెనీల బ్యాడ్జీలతో అమ్ముడవుతున్న కాలం ఇది. టయోటా గ్లాంజా అంటే లోపల మారుతి బాలెనోనే. హైరైడర్, గ్రాండ్ విటారా అన్నదమ్ములు. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్ ఒకే కుటుంబం. మీది ఇలాంటి జంటలో ఒకటైతే రెండో కారు పేరుతో ఉన్న ఫిల్టర్ రేటు కూడా చూడండి. పార్ట్ నంబర్, కొలతలు కలిస్తే తక్కువకొచ్చేది తీసుకోండి.

రకాల సంగతి. తెల్లగా ఉండే మామూలు ఫిల్టర్ దుమ్ము, పుప్పొడి ఆపుతుంది. వాసనల్ని, పొగలోని వాయువుల్ని ఆపదు. యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉన్నది వాటిని కొంతవరకు పట్టుకుంటుంది. మీరు రేణిగుంట రోడ్డులో రోజూ బస్సులు, లారీల వెనకాల వెళ్తున్నారు కాబట్టి కార్బన్‌కి పెట్టే అదనపు రెండు మూడు వందలు నా లెక్కలో సబబే. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీల రోడ్డు మీద తిరిగేవాళ్లకూ అదే చెబుతాను. ఊళ్లో కూరగాయలకు, గుడికి మాత్రమే తీసే కారుకు మామూలుది చాలు.

కార్బన్ పేరుతో బూడిదరంగు పూసి అమ్మేవాళ్లూ ఉన్నారు. నిజమైన దానిలో మడత విప్పి వెలుతురుకి పెడితే రెండు పొరల మధ్య నల్లటి సన్నని రేణువులు కనిపిస్తాయి, మామూలు దానికంటే చేతికి బరువుగా తగులుతుంది. కవరు సీల్ లేకుండా వచ్చినది తీసుకోవద్దు. తెరిచి ఉంచిన కార్బన్ షెల్ఫ్‌లో ఉన్నా చుట్టూ ఉన్న వాసనల్ని పీల్చుకుంటూనే ఉంటుంది. డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలి. ఇవి లేకపోతే వెనక్కి పంపేయండి.

హెపా అంటే అతి సన్నటి కణాల్ని కూడా ఆపే ఫిల్టర్, హెచ్13 అందులో ఒక గ్రేడ్. యూరప్ ప్రమాణాల ప్రకారం అది పెద్ద మాట. ఫిల్టర్‌కి పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సైజు కణాల్లో కూడా 99.95 శాతం ఆపాలి. ఆ స్థాయికి ఫిల్టర్ చిక్కగా ఉండాలి, చుట్టూ గాలి చొరబడని సీలింగ్ ఉండాలి. కారు బ్లోయర్ మామూలు ఫిల్టర్‌ని లెక్కలో పెట్టుకుని చేసింది. చుట్టూ సందులున్న ప్లాస్టిక్ సొరుగులో నిజంగానే హెచ్13 పెడితే గాలి తగ్గుతుంది. గాలి తగ్గలేదంటే అది హెచ్13 కాదని అనుమానించాలి. రూ.1,400 ఆ పేరు కోసం పెట్టొద్దు.

కంప్రెసర్‌తో గాలి కొట్టించి మళ్లీ వాడుకోవచ్చా? నీళ్లతో కడిగితే? — చిత్తూరు

కడగొద్దు. ఈ ఫిల్టర్ల పోగుల్లో స్థిర విద్యుత్తు ఉంటుంది, సన్నటి దుమ్మును లాక్కునేది అదే. నీళ్లు, సబ్బు తగిలితే అది పోతుంది. చూడటానికి తెల్లగా ఉంటుంది, పని మాత్రం చేయదు. పైగా సరిగా ఆరకపోతే బూజు. కంప్రెసర్ గాలి ఒత్తిడికి పోగులు విడిపోతాయి. కొత్తది వచ్చేదాకా వారం రోజులు నెట్టుకురావాలంటే నేల మీద మెల్లగా తట్టి ఆకులు, మట్టి దులపండి, అంతే. ‘జీవితాంతం కడిగి వాడుకోవచ్చు’ అని అమ్మే నైలాన్ జల్లెడలు ఆకుల్ని, పురుగుల్ని ఆపుతాయి. గాలి కాలుష్యం లెక్కల్లో వినే పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే చిన్న కణాలు. వాటికి ఆ జల్లెడ బార్లా తెరిచిన గేటే.

ఎన్నాళ్లకు మార్చాలన్నది కూడా డబ్బు మిగిలే చోటే. చాలా మాన్యువల్స్‌లో 10 వేల నుంచి 20 వేల కి.మీ. మధ్యనో ఏడాదికోసారనో ఉంటుంది, దుమ్ము ఎక్కువుంటే ఇంకా ముందే అని కూడా. కుప్పం వైపు గ్రానైట్ లారీల వెనక రోజూ తిరిగే కారుకు ఆరు నెలలకే నిండిపోవచ్చు. నెలకు నాలుగుసార్లు తీసే కారుకు ఏడాదిన్నరైనా మడతలు శుభ్రంగా ఉండొచ్చు. అప్పుడు బిల్లు కోసం మార్చనివ్వకండి. తీసి చూడటం ఉచితం. చెట్టు కింద పార్క్ చేసేవాళ్లు మాత్రం మూడు నెలలకోసారి చూడాలి. ఎలుకలు ఫిల్టర్‌ని కొరికి గూడు పెట్టుకుంటాయి, ఆ వాసన వర్ణించను.

తిరుమల నుంచి దిగేటప్పుడు కారులోకి కాలిన వాసన వస్తోంది. కార్బన్ ఫిల్టర్ వేయించమన్నారు. వేయించాలా? — తిరుపతి

వద్దు. ఆ వాసన మీ బ్రేకులది, లేదా ముందు వెళ్లే కారు బ్రేకులది. ఫిల్టర్ మారిస్తే వాసన కాస్త తగ్గుతుంది, బ్రేకులు మాత్రం కాలుతూనే ఉంటాయి. దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, అన్నీ మలుపులే. రెండో గేర్‌లో, ఆటోమేటిక్ అయితే ‘ఎల్’లోనో మాన్యువల్ మోడ్‌లోనో పెట్టి ఇంజిన్‌నే పట్టి ఆపనివ్వండి. బ్రేకు మీద కాలు అదే పనిగా ఉంచకుండా నొక్కి వదులుతూ ఉండండి. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఎటూ ఉంది కాబట్టి తొందరపడి లాభం లేదు. ముందు కారు వాసనైతే కాసేపు రీసర్క్యులేషన్ నొక్కండి. అలిపిరి దాటాక మళ్లీ బయటి గాలికి మార్చండి. నలుగురైదుగురు కూర్చున్న కారులో అది గంటల తరబడి ఆన్‌లో ఉంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి డ్రైవర్‌కి నిద్రమత్తు వస్తుంది. ఇంటికెళ్లాక కూడా వాసన ఆగకపోతే బ్రేక్ ప్యాడ్లు చూపించుకోండి. ఫిల్టర్‌కి పెట్టే డబ్బు అక్కడ పెట్టండి.

మా సెల్టోస్‌లో ఎయిర్ ప్యూరిఫయర్ ఉంది. క్యాబిన్ ఫిల్టర్ కూడా మార్చాలా, రెండూ ఒకటేనా? — పలమనేరు

రెండూ వేరు. ప్యూరిఫయర్ క్యాబిన్‌లో ఉన్న గాలినే తిప్పి వడపోస్తుంది, దానికి సొంత ఫిల్టర్ ఉంటుంది, రేటూ ఎక్కువే. క్యాబిన్ ఫిల్టర్‌ని సమయానికి మారిస్తే ప్యూరిఫయర్ ఫిల్టర్ మీద భారం తగ్గి ఎక్కువ కాలం వస్తుంది. చవకైన దాన్ని మార్చి ఖరీదైనదాన్ని కాపాడుకోండి. స్క్రీన్ మీద వచ్చే గాలి నాణ్యత అంకె కారులోపలిది. బయట ఎలా ఉందో చూడాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో తిరుపతి పెట్టుకోండి, అది ఉచితం.

పాత కారు, బేస్ మోడల్. గ్లవ్ బాక్స్ తెరిస్తే అసలు ఫిల్టరే లేదు! — శ్రీకాళహస్తి

కంగారు పడకండి, ఎవరూ దొంగిలించలేదు. కొన్ని పాత బేస్ మోడళ్లకు కంపెనీయే ఫిల్టర్ ఇవ్వలేదు. కొన్నింటిలో ఫిల్టర్ పట్టే గూడు ఉండి, దాన్ని మూసేస్తూ ప్లాస్టిక్ బిళ్ల ఒకటి అచ్చుపోసి ఉంటుంది. ఆ బిళ్ల కత్తిరిస్తే పై మోడల్ ఫిల్టర్, దాని మూత అందులో సరిపోతాయి. అయితే కత్తిరించే ముందు రెండు చూడండి. బిళ్ల వెనకాల నిజంగా గూడు ఉందా, పై మోడల్ మూత విడిగా దొరుకుతోందా. మూత లేకుండా గూడు తెరిచారంటే గ్లవ్ బాక్స్ వెనకున్న దుమ్మంతా బ్లోయర్ లాక్కుంటుంది. ఈ పని మొదటిసారి మీరు చేయకండి, ఏసీ మెకానిక్‌తో చేయించండి. ఇక్కడ లేబర్ ఇవ్వడం న్యాయమే.