ఆఫీసు డెస్క్ ఫోన్‌లో స్పీడ్ డయల్ నంబరు పెట్టడం, మార్చడం ఎలా?

మీరు రెండు సంగతులు అడిగారు. డెస్క్ ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కగానే కాల్ వెళ్లేలా, అంటే స్పీడ్ డయల్‌గా, దానికి నంబరు ఎలా పెట్టాలి, ముందే ఉన్న నంబరును మార్చాలంటే ఎడిట్ అనేది ఎక్కడుంటుంది అని. రెండోదానికే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఫ్రంట్ ఆఫీసులో చేరిన కొత్తలో నేనూ దానికోసం చాలాసేపు వెతికాను. మామూలు బటన్ ఫోన్లలో చాలావాటికి ఎడిట్ అనేదే ఉండదు. పాత నంబరున్న బటన్‌లోనే కొత్త నంబరు స్టోర్ చేస్తే పాతది చెరిగిపోతుంది. ఒక్క అంకె తప్పు పడినా మొత్తం నంబరు మొదటినుంచి కొట్టాలి.

స్టోర్ చేసే పద్ధతి చాలా ఫోన్లలో దగ్గరదగ్గరగా ఒకటే. ప్రోగ్రామ్ అనో, స్టోర్ అనో రాసి ఉన్న బటన్ నొక్కాలి. తర్వాత నంబరు కొట్టి, ఏ బటన్‌లో ఉండాలో అది నొక్కాలి. కొన్ని మోడళ్లు ముందు బటన్, తర్వాత నంబరు అడుగుతాయి. మధ్యలో ఆలోచిస్తూ ఆగిపోతే ఫోన్ దానంతట అదే ఆ మోడ్‌లోంచి బయటికి వచ్చేస్తుంది, కొట్టిందంతా పోతుంది. అందుకని నంబరును కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకున్నాకే మొదలుపెట్టండి.

అసలు చిక్కు చాలామందికి ఇక్కడ రాదు, నంబరు ఎక్కడ దాచి ఉందో తెలియకపోవడం వల్ల వస్తుంది. అది మీ ఫోన్ మెమరీలోనే ఉండొచ్చు. ఆఫీసు మొత్తానికి ఉన్న ఈపీఏబీఎక్స్‌లో, అంటే ఆఫీసు సొంత చిన్న ఎక్స్చేంజిలో ఉండొచ్చు. కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్ అయితే కంపెనీ సర్వర్‌లో ఉండొచ్చు. నిజానికి మొదట్లో ఇది ఫోన్‌లో ఉండే సౌకర్యమే కాదు. 1965లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం సుకసన్నాలో బెల్ టెలిఫోన్ సంస్థ ఎలక్ట్రానిక్ ఎక్స్చేంజి పెట్టినప్పుడు, వాడకందార్లకు ఇచ్చిన కొత్త సేవల్లో స్పీడ్ కాలింగ్ (స్పీడ్ డయల్ లాంటిదే) ఒకటి. ఆ నంబర్లు ఎక్స్చేంజి మెమరీలోనే ఉండేవి. ఇప్పుడు మన ఆఫీసుల్లో అందరికీ ఉమ్మడిగా ఉండే స్పీడ్ డయల్ జాబితా కూడా అలాంటిదే. దాన్ని సిస్టమ్ చూసుకునే మనిషి మాత్రమే మార్చగలడు. మీరు ఎన్నిసార్లు స్టోర్ కొట్టినా మారకపోతే తప్పు మీది కాదు, ఆ నంబరు మీ చేతిలో లేదన్నమాట.

ఐపీ ఫోన్లలో యీలింక్ కంపెనీది అయితే చాలా మోడళ్లలో పని తేలిక. స్క్రీన్ పక్కనున్న లైన్ కీని కాసేపు నొక్కి పట్టుకుంటే సెట్టింగ్ తెరుచుకుంటుంది. టైప్ దగ్గర స్పీడ్ డయల్ ఎంచుకుని, లేబుల్ దగ్గర పేరు, వాల్యూ దగ్గర నంబరు ఇచ్చి సేవ్ చేయాలి. వీటిలో ఎడిట్ నిజంగానే ఉంటుంది, అదే కీని మళ్లీ నొక్కి పట్టుకుంటే చాలు. అయితే కంపెనీ సర్వర్ నుంచి సెట్టింగులు వచ్చే చోట, ఫోన్ రీస్టార్ట్ అయ్యాక మీరు పెట్టింది పోయి పాతదే కనబడవచ్చు. అలా జరిగితే ఐటీ వాళ్లకు చెప్పి అక్కడే మార్పించాలి. సిస్కో కంపెనీ ఆఫీసు ఫోన్ల వ్యవస్థ కాల్ మేనేజర్ మీద నడిచే ఫోన్లకైతే మామూలుగా కంప్యూటర్‌లో సెల్ఫ్ కేర్ పోర్టల్ అనే పేజీలోకి వెళ్లి మార్చుకోవాలి.

ఇప్పుడు అందరూ చేసే పొరపాటు. మీ ఆఫీసులో బయటికి ఫోన్ చేయాలంటే ముందు 0 గానీ 9 గానీ నొక్కుతారు కదా, అది కూడా నంబరుతో కలిపి స్టోర్ చేయాలి. మనం రోజూ అలవాటుగా నొక్కేస్తాం కాబట్టి స్టోర్ చేసేటప్పుడు అది గుర్తుకే రాదు. పాత ఎక్స్చేంజీల్లో 0 కొట్టాక బయటి డయల్ టోన్ రావడానికి ఒక క్షణం పడుతుంది. ఫోన్ ఆగకుండా గబగబా కొట్టేస్తే మొదటి అంకెలు పోయి రాంగ్ నంబరుకు వెళ్తుంది. దానికి 0 తర్వాత పాజ్ పెట్టాలి. చాలా ఫోన్లలో పాజ్ బటన్ ఉంటుంది, కొన్నిటిలో రీడయల్ బటనే ఆ పని చేస్తుంది.

ఇక నా అనుభవం. మా జనరేటర్ మెకానిక్ నంబరు మారింది. నా ఫోన్‌లో ఆ రోజే మార్చేశాను, పని అయిపోయిందనుకున్నాను. రాత్రి డ్యూటీ వాళ్లు వాడే ఫోన్ వేరే గదిలో ఉంటుంది. దానిలోనూ పాత నంబరే ఉందన్న సంగతి నాకు తట్టలేదు. కొన్ని నెలలకు ఆ పాత నంబరు ఇంకెవరికో వెళ్లింది. ఒకరోజు పొద్దున్నే ఒకావిడ మా ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆ గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువుంది. "అమ్మా, మీ నంబరు నుంచి రాత్రిళ్లు ఫోన్ వస్తోంది. కరెంటు పోయింది, తొందరగా రండి అంటున్నారు. మా ఇంట్లో పసిపాప ఉంది, మోగగానే ఉలిక్కిపడి లేస్తోంది" అంది. నాకు నోట మాట రాలేదు. క్షమించమని అడిగి, ఫోన్ పెట్టిన వెంటనే ఆ గదికి వెళ్లి నంబరు మార్చాను.

ఆ రోజునుంచి ఏ నంబరు మార్చినా, అది ఇంకా ఏయే ఫోన్లలో ఉందో ముందు చూస్తాను. ఒక్కో ఫోన్‌లో మార్చాక ఆ బటన్ నొక్కి అవతలి మనిషితో ఒక మాట మాట్లాడతాను. స్క్రీన్ మీద నంబరు సరిగ్గా కనబడటం వేరు, సరైన మనిషి ఎత్తడం వేరు. అత్యవసర నంబర్లను మాత్రం ఇలా ఊరికే నొక్కి చూడకండి, అక్కడ నిజంగా సాయం కావాల్సినవాళ్ల లైన్ ఆగిపోతుంది. వాటిని అంకె అంకె సరిచూసుకుంటే చాలు.

బటన్ పక్కనున్న కాగితం పట్టీ కూడా అప్పుడే మార్చండి. నేను పేరు కింద చిన్నగా తేదీ వేస్తాను, ఎప్పటి నంబరో చూడగానే తెలుస్తుంది. వాయిస్ మెయిల్ పాస్‌వర్డ్, కాన్ఫరెన్స్ పిన్ లాంటివి నంబరుతో కలిపి ఏ బటన్‌లోనూ పెట్టకండి. మీరు సీట్లో లేనప్పుడు ఎవరు నొక్కినా లోపలికి వెళ్లిపోతారు.

మీ ఫోన్ అడుగున బ్యాటరీలు వేసే అర ఉంటే ఇంకో మాట. కొన్ని ఫోన్లలో మెమరీ ఆ బ్యాటరీల మీదే నిలుస్తుంది, అవి పూర్తిగా అయిపోతే బటన్లన్నీ ఖాళీ అవుతాయి. వాటిని మార్చే ముందు నంబర్లన్నీ ఒక కాగితం మీద ఎక్కించుకోండి. మా దగ్గర ఆ కాగితం రాత్రి డ్యూటీ గదిలో ఫోన్ పక్కనే గోడకు అంటించి ఉంటుంది.