డాక్టర్ సలహా: టీవీ సంగతి తర్వాత, ముందు ఆ నిద్రమాత్రను పట్టించుకోండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మకు 64 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. నాన్న పోయినప్పటి నుంచి ఒంటరిగా ఉంటోంది. బిగ్‌బాస్ వస్తున్నన్నాళ్లూ టీవీ ముందు నుంచి లేవదు. ఆ తర్వాత కూడా అర్ధరాత్రి దాటేవరకు ఫోన్‌లో అవే వీడియోలు చూస్తుంది. తనకు నచ్చిన అమ్మాయి ఎలిమినేట్ అయితే ఏడ్చి, అన్నం కూడా మానేస్తుంది. నిద్ర కోసం పక్కింటావిడ చెప్పిన ఆల్ప్రాజోలం మాత్రను కొన్ని నెలలుగా మెడికల్ షాపులో తెచ్చుకుని వేసుకుంటోంది. మూడు వారాల క్రితం తెల్లవారుజామున బాత్‌రూంలో పడి తల గోడకు తగిలింది, పెద్ద దెబ్బేమీ కాలేదు. ఆ షోలో అంతగా ఏముంది డాక్టర్ గారూ? ఇది మానసిక జబ్బా? కేబుల్ తీయించేస్తే మానుతుందా?

జవాబు: అమ్మా, మీరు టీవీ గురించి అడిగారు గానీ, నేను ముందుగా ఆ పడిపోవడం గురించి రాయక తప్పదు. ఈ వయసులో తలకు చిన్న దెబ్బ తగిలినా, పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం నెమ్మదిగా చేరి, కొన్ని వారాల తర్వాత గానీ లక్షణాలు బయటపడని సందర్భాలు ఉంటాయి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మాట తడబడినా, నడకలో తూలుతున్నా, మునుపటికన్నా మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ మగతను మాత్ర వల్ల వచ్చిందనుకుని ఇంట్లోనే సరిపెట్టుకోవడం ప్రమాదం. ఇవేవీ లేకపోయినా రెండు మూడు రోజుల్లో ఒకసారి వైద్యునికి చూపించండి, స్కాన్ అవసరమా కాదా అనేది ఆమెను పరీక్షించినవారే చెప్పగలరు. రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

ఇక ఆల్ప్రాజోలం. ఇది షెడ్యూల్ హెచ్-1 మందు. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం డాక్టర్ చీటీ ఉంటేనే దీనిని అమ్మాలి, రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం వేరే రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. ప్రభుత్వం ఇంత కట్టడి చేసిన మందును పక్కింటి సలహాతో నెలల తరబడి వాడుతుంటే, తెలిసి కూడా మీరు ఊరుకోవడం నాకు బాధ కలిగించింది. ‘సగం మాత్రే కదా’ అనే మాట కర్నూలులో నా ఓపీకి వచ్చేవారి నోట తరచుగా వింటుంటాను. శరీరం దానికి అలవాటు పడ్డాక ఆ సగం చాలదు, ఒకటవుతుంది, తర్వాత అదీ పనిచేయదు. పెద్దవారి శరీరం నుంచి ఈ మందు త్వరగా బయటకు పోదు కాబట్టి, తెల్లవారుజామున మూత్రానికి లేచేసరికి కూడా ఒళ్లు తూలుతుంది, తుంటి ఎముక విరిగేది చాలావరకు ఇలా పడినప్పుడే. జ్ఞాపకశక్తి మందగించవచ్చు, గురక ఎక్కువగా ఉన్నవారికి నిద్రలో శ్వాస ఇబ్బంది పెరగవచ్చు.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మాత్రలు దాచేయకండి. నెలల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే వణుకు, గుండెదడ, అసలే నిద్ర పట్టకపోవడం, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో కొన్ని వారాల పాటు మోతాదు తగ్గించుకుంటూ రావాలి.

మరొక అనుమానం కూడా ఉంది. రాత్రి షుగర్ మాత్ర వేసుకుని అన్నం మానేస్తే, కొన్ని రకాల మాత్రలతో తెల్లవారేసరికి షుగర్ బాగా పడిపోతుంది. ఆమె పడిపోవడానికి అదీ కారణమై ఉండవచ్చు.

ఇప్పుడు మీరు అడిగినదానికి వస్తాను. తెరపై రోజూ కనిపించే వ్యక్తులతో ప్రేక్షకులకు నిజమైన చుట్టరికం లాంటి అనుబంధం ఏర్పడుతుందని 1956లోనే హోర్టన్, వోల్ అనే పరిశోధకులు రాశారు, అదొక్కటే జబ్బు కాదు. ఎవరి మాటా వినపడని ఇంట్లో, పదిమంది వండుకుంటూ, పోట్లాడుకుంటూ, అలిగి మళ్లీ కలిసిపోతూ ప్రతి రాత్రీ అదే వేళకు కనిపిస్తే మనసు వారిని ఇంటి మనుషులుగానే చూస్తుంది. వారంవారం ఎవరు వెళ్లిపోతారో తెలియని ఉత్కంఠ దానికి తోడవుతుంది. అన్నిటికన్నా ఓటు పెద్ద ఆకర్షణ అని నేను అనుకుంటాను. ఇంట్లో ఏ నిర్ణయానికీ తన మాట అడిగేవారు లేని మనిషికి, అక్కడ తన మాటకు విలువ ఉందనిపిస్తుంది. నచ్చిన అమ్మాయి వెళ్లిపోతే ఏడవడం నాకు వింతగా తోచలేదు. కానీ రెండు వారాలకు పైగా దిగులుగా ఉంటూ, ఆకలి తగ్గి, ఆ షో తప్ప మరేదీ పట్టకుండా ఉంటే డిప్రెషన్ ఉందేమో చూడాలి. అందుకు మీకు దగ్గరలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుని సలహా తీసుకోవచ్చు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేసినా మాట్లాడతారు.

కేబుల్ తీయించవద్దు. షో మొదలయ్యే ముందే భోజనం అయిపోయేలా చూడండి, అది ముగిశాక ఫోన్ పడకగదిలోకి వెళ్లకుండా ఒప్పించండి. మీరు వేరే ఊళ్లో ఉంటే రోజూ ఆ వేళకు ఫోన్ చేసి, ఈ వారం నామినేషన్లలో ఎవరున్నారని ఆమెనే అడగండి. ఉత్తరం చూసి రాసిన ఈ సలహా పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బీపీ, షుగర్ మాత్రలతో పాటు ఆ నిద్రమాత్రల అట్ట కూడా తీసుకెళ్లండి, దాన్ని ఎంతకాలంగా, ఎంత మోతాదులో వాడుతున్నారో దాచకుండా చెప్పండి.