మంచి ఫిగర్ స్కేటింగ్ కొరియోగ్రాఫర్‌లో ఏం చూడాలి?

డాన్స్ బాగా తెలిసినవాళ్లెవరైనా ఫిగర్ స్కేటింగ్‌కి కొరియోగ్రఫీ చేయగలరా, మంచివాళ్లని ఎలా గుర్తుపట్టాలి అని అడిగారు. నేను కొన్నేళ్లు సింగిల్స్‌లో పోటీపడ్డాను, ఇప్పుడు చిన్నపిల్లలకి ప్రోగ్రామ్‌లు (పోటీలో సంగీతానికి చేసే స్కేటింగ్ ప్రదర్శనలు) తయారుచేసేటప్పుడు సాయం చేస్తున్నాను. రకరకాల కొరియోగ్రాఫర్ల దగ్గర పనిచేసినదాన్ని కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. సంగీతం సంగతి తర్వాత, ముందు మీరు ఐస్ మీద ఎలా కదులుతారో చూసేవాళ్లే మంచి కొరియోగ్రాఫర్లు.

నాకు దొరికిన వాళ్లలో అందరికన్నా మంచి ఆవిడ మొదటిరోజు అసలు మ్యూజిక్ పెట్టలేదు. రెండు వైపులా క్రాస్‌ఓవర్‌లు (ఒక కాలి మీంచి ఇంకో కాలు దాటిస్తూ వంపులో తిరగడం) చేయమన్నారు. అన్ని ఎడ్జ్‌ల మీదా, అంటే బ్లేడ్ లోపలి, బయటి అంచుల మీదా, త్రీ టర్న్‌లు (ఒంటికాలి మీదే ముందుకీ వెనక్కీ తిరగడం) చేయించారు. తర్వాత ఒంటికాలి మీద జారుతూ వేగం పూర్తిగా చచ్చేదాకా అలాగే ఉండమన్నారు. నా పక్కనే స్కేట్ చేస్తూ మోకాలినీ బ్లేడ్‌నీ చూశారు తప్ప ముఖం వైపు చూడనే లేదు. చివర్లో "ఎడమకాలి మీద వెనక్కి వెళ్తూ బయటి ఎడ్జ్ పట్టినప్పుడు నీ భుజాలు వాటంతట అవే వదులవుతాయి. కుడికాలి మీదకి రాగానే చేతులు బిగుసుకుంటాయి. తెలుసా నీకు?" అన్నారు. నాకు తెలియదు. అన్నేళ్లలో ఏ కోచ్ కూడా ఆ మాట అనలేదు.

లట్జ్ అనే జంప్ నేను ఎగిరేది సరిగ్గా ఆ ఎడమకాలి బయటి ఎడ్జ్ మీంచే. మామూలుగా లట్జ్‌కి ముందు స్కేటర్ రింక్ మూలకి వెనక్కి పొడవుగా జారుతూ, భుజం మీంచి చూసుకుంటూ వెళ్తుంటారు. చూసేవాళ్లకి 'ఇప్పుడు జంప్ వస్తుంది' అని తెలిసిపోతుంది, అప్పటిదాకా నడిచిన కథ అక్కడ ఆగిపోతుంది. ఆవిడ ఆ జారుడునే ప్రోగ్రామ్‌కి గుండెకాయ చేశారు. వయొలిన్ ఒక్క స్వరాన్ని పట్టుకుని సాగదీసేచోట నేను ఆ ఎడ్జ్ మీద ఉండేలా, స్వరం తెగేచోట టో పిక్ (బ్లేడ్ ముందున్న పళ్లు) ఐస్‌లో దిగేలా కూర్చారు. కొత్త కదలిక ఒక్కటీ పెట్టలేదు. నాకు ముందునుంచీ చేతనైనదాన్నే సరైనచోట పెట్టారు. దానికి ముందు నాకు చేసినాయన చేతిలో రెడీమేడ్ ప్రోగ్రామ్ ఉండేది, ఎవరు వచ్చినా అదే చేతుల విన్యాసం, అదే స్పైరల్ (ఒక కాలు వెనక్కి ఎత్తి జారడం). ఆ ప్రోగ్రామ్ నా ఒంటికి ఏనాడూ పట్టలేదు.

డాన్స్ తెలిస్తే చాలా అన్నదానికి నా జవాబు, చాలదు. నేల మీద అడుగు వేస్తే అక్కడితో ఆగుతుంది. ఐస్ మీద ఒక్కసారి తోస్తే ఆ తోపు మిమ్మల్ని మోసుకుపోతూనే ఉంటుంది, అదీ వంపులో. చెయ్యి ఊపితే భుజం తిరుగుతుంది, భుజంతో నడుము, దాంతో ఎడ్జ్ మారిపోతుంది. లట్జ్‌లో ఎడ్జ్ ఒక వైపు వంపు తిరుగుతుంటే గాల్లో తిరగాల్సింది దానికి ఎదురు దిశలో. ఎగిరే ముందు అందం కోసం పెట్టిన ఒక చేతి కదలిక వల్ల భుజం తొందరపడితే బయటి ఎడ్జ్ కాస్తా లోపలికి ఒరిగిపోతుంది, జంప్‌లని పరిశీలించే టెక్నికల్ ప్యానెల్ తప్పు ఎడ్జ్ అని గుర్తుపెడుతుంది, మార్కులు పోతాయి. బ్యాలే, కాంటెంపరరీ మాస్టర్ల దగ్గర పైశరీరం గురించి నేర్చుకోవలసింది ఎంతో ఉంది, కాదనను. కానీ చివరికి దాన్ని ఎడ్జ్‌తో ముడిపెట్టడం తెలిసినవాళ్లు పక్కన ఉండాలి.

అలాగని ఆ మనిషి మాజీ ఛాంపియన్ అయ్యుండాలనీ లేదు. షే-లిన్ బోర్న్, జెఫ్రీ బటల్ ప్రపంచ ఛాంపియన్లుగా ఉండి కొరియోగ్రఫీకి వచ్చారు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కొరియా స్కేటర్ యూనా కిమ్‌కి స్వర్ణం తెచ్చిన ప్రోగ్రామ్‌లు చేసిన డేవిడ్ విల్సన్‌కి పోటీల్లో అంతటి చరిత్ర లేదు.

ఇక రూల్స్. కళకి రూల్స్ అడ్డం అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. 1984 సారయెవో ఒలింపిక్స్‌లో బ్రిటన్ ఐస్ డాన్స్ జంట టోర్విల్, డీన్ రావెల్ సంగీతానికి చేసిన బొలెరో తీసుకోండి. ఆ సంగీతం అసలు నిడివి పావుగంట దాకా ఉంటుంది. దాన్ని ఎంత కుదించినా 4 నిమిషాల 28 సెకన్ల కంటే తగ్గలేదు, రూల్ ప్రకారం 4 నిమిషాల 10 సెకన్లు దాటకూడదు. అయితే గడియారం మొదలయ్యేది స్కేటింగ్ మొదలైనప్పుడే. అందుకని మొదటి 18 సెకన్లూ బ్లేడ్ ఐస్‌కి తగలకుండా ఇద్దరూ మోకాళ్ల మీదే ఉండి ఊగుతారు. ఇవాళ్టికీ ఆ ప్రోగ్రామ్ అనగానే అందరికీ గుర్తొచ్చే దృశ్యాల్లో అదొకటి.

రూల్‌ని మార్కుల కోసం మాత్రమే పిండినప్పుడు ఇంకోలా ఉంటుంది. ఒకప్పుడు ప్రోగ్రామ్ రెండో సగంలో చేసిన ప్రతి జంప్‌కీ 10 శాతం అదనంగా వచ్చేది. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో రష్యా అమ్మాయి అలీనా జగితోవా ఫ్రీ స్కేట్‌లో (పోటీలో చేసే రెండు ప్రోగ్రామ్‌లలో పొడవైనది) జంప్‌లన్నీ రెండో సగంలోనే పెట్టి స్వర్ణం గెలిచింది. అలసిన కాళ్లతో అన్ని జంప్‌లు దిగడం అసాధారణం, ఆ అమ్మాయి సామర్థ్యానికి దండం పెట్టాల్సిందే. కూర్పుగా మాత్రం నాకు ఒకవైపే బరువెక్కినట్టు అనిపించింది. ఆ వెంటనే 2018-19 సీజన్ నుంచి ఆ బోనస్‌ని ఫ్రీ స్కేట్‌లో చివరి 3 జంప్‌లకి, షార్ట్ ప్రోగ్రామ్‌లో చివరి ఒక్క జంప్‌కి పరిమితం చేశారు. ఇలాంటి మార్పులు వస్తూనే ఉంటాయి. ఈ సీజన్ రూల్స్ చదవకుండా ప్రోగ్రామ్ చేస్తానన్నవాళ్లకి ఎంత పేరున్నా సరే, నేను పిల్లల్ని అప్పగించను.

సంగీతం ఎంపిక గురించి ఎక్కువ చెప్పను. 2014-15 నుంచి సింగిల్స్‌లోనూ పెయిర్స్‌లోనూ సాహిత్యం ఉన్న పాటలు వాడనిస్తున్నారు. అప్పట్నుంచి పాటలో 'హృదయం' అని వస్తే చెయ్యి గుండె మీదకి పోవడం మామూలైపోయింది. మాటకి అభినయం పట్టే కొరియోగ్రాఫర్ కన్నా కింద నడిచే లయని, ఊపిరిని పట్టుకునేవాళ్లు నాకు నచ్చుతారు.

చాలామంది పట్టించుకోనిది మూడో నిమిషం. సీనియర్ ఫ్రీ స్కేట్ 4 నిమిషాలు. మూడో నిమిషంలోకి వచ్చేసరికి తొడలు మండుతుంటాయి, మోకాలు వంగదు, మోకాలు వంగకపోతే ఎడ్జ్ లోతు ఉండదు. స్టూడియోలో పది సెకన్ల ముక్కలుగా నేర్పినప్పుడు మెరిసిన స్టెప్ సీక్వెన్స్ అక్కడికి వచ్చేసరికి కాళ్లీడ్చుకుంటూ నడిచినట్టుంటుంది. పైన చెప్పిన ఆవిడ నాకు ప్రతి కష్టమైన జంప్‌కి ముందూ ఒక ఊపిరి చోటు పెట్టారు. బయటినుంచి చూస్తే అది తల ఎత్తి చూడటం, లేదా చెయ్యి నెమ్మదిగా తెరవడం, అంతే. నాకు మాత్రం నిండుగా గాలి పీల్చుకునే వీలు. స్టెప్‌లు నేర్పినంత శ్రద్ధగా ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ వదలాలో కూడా నేర్పారు.

ప్రోగ్రామ్ తయారైన రోజుతో పని అయిపోదు. సీజన్ మధ్యలో ఒక జంప్ మారుతుంది, గాయం అవుతుంది, పిల్లలైతే ఎత్తు పెరుగుతారు. జెఫ్రీ బటల్ జపాన్ స్కేటర్ యుజురు హన్యూకి షోపెన్ పియానో సంగీతం బల్లాడ్‌కి చేసిన షార్ట్ ప్రోగ్రామ్ 2014-15లో మొదలైంది, తర్వాతి సీజన్‌లోనూ, మళ్లీ 2017-18లోనూ వాడారు. జంప్‌లు మారాయి, వాటి స్థానాలు మారాయి. 2015 గ్రాండ్ ప్రి ఫైనల్‌లో 110.95, 2018 ఒలింపిక్స్‌లో 111.68 మార్కులు వచ్చాయి. వీలైతే ఆ రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. కష్టమైన జంప్‌లు సంగీతం వెనకభాగంలోకి వెళ్లినా అతుకు వేసినట్టు ఎక్కడా కనబడదు. అసలు కూర్పులోనే అంత చోటు ఉంది.

కాబట్టి ఎవరినైనా ఎంచుకునే ముందు వాళ్ల పాత విద్యార్థి ఒకరిది ఒకే ప్రోగ్రామ్, సీజన్ మొదట్లోదీ చివర్లోదీ చూపించమని అడగండి. చివర్లోది మెరుగ్గా ఉండాలి. ఇద్దరు ముగ్గురు విద్యార్థులవి చూస్తే అందరూ ఒకేలా కదులుతున్నారో, ఎవరి నడక వాళ్లకుందో తెలుస్తుంది. డబ్బు సంగతి మాట్లాడేటప్పుడే సీజన్ మధ్యలో మార్పులకి మళ్లీ వస్తారా, కనీసం పోటీ వీడియో చూసి సర్దుతారా అన్నది తేల్చుకోండి. ఇక మొదటి సెషన్‌లో మ్యూజిక్ పెట్టకుండా గంటసేపు ఉత్త స్కేటింగే చేయిస్తే డబ్బు దండగ అనుకోకండి, ఆ గంటకి అడిగినంత ఇచ్చేయండి.