నాటికలో అక్కకి ఎన్ని మాటలున్నాయి?

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర పల్లె. నాకు 24 ఏళ్లు. తిరుపతిలో డిగ్రీ చేసి, ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతున్నాను. జీతం తక్కువ. థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ చేసి నాటకాలు రాయాలని కోరిక. మా నాయన భారతం ఆటల్లో ఇరవై ఏళ్లు అర్జునుడి వేషం కట్టాడు. అలాంటి మనిషే ఇప్పుడు వద్దంటున్నాడు. ‘రంగు పూసుకున్నోడి ఇంట్లో పొయ్యి వెలగదు’ అంటాడు. పదకొండేళ్ల కిందట నడుము దెబ్బతిని ఆట మానేశాడు. అప్పట్నుంచి ఇల్లు అక్క మీదే నడుస్తోంది. అక్కకి 29. ఇంటర్‌తో చదువు ఆపేసి శ్రీసిటీలో ఫ్యాక్టరీకి వెళ్తోంది. పెళ్లి కూడా చెయ్యాలి. నేనంటే ప్రాణం, నేనేం చేసినా ఏమీ అనదు. చిన్నప్పుడు నాయన భుజకీర్తులకు అద్దాలు అతికించింది అక్కే. ద్రౌపది పద్యాలన్నీ తనకి నోటికొచ్చు. తమ్ముడి కోసం అన్నీ వదులుకున్న ఒక అక్క కథతో కాలేజీలో నాటిక రాస్తే యువజనోత్సవాల్లో బహుమతి వచ్చింది. చదవడానికి హైదరాబాద్ మంచిదా, వైజాగ్ మంచిదా? నాయనను ఎలా ఒప్పించాలి?

జవాబు: బాబూ, ముందు నువ్వడిగిన దానికి చెప్పేస్తాను, అది చిన్న జవాబే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూలు కింద థియేటర్ ఆర్ట్స్‌లో రెండేళ్ల పీజీ ఉంది. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీకి థియేటర్ ఆర్ట్స్ శాఖ ఉంది. ఎక్కడైనా నటన, దర్శకత్వం, లైటింగ్, రంగాలంకరణ అన్నీ కలిపే నేర్పుతారు. నాటక రచన అందులో ఒక భాగం. గదిలో కూర్చుని రాసుకుంటాను, మిగతావి నాకెందుకు అంటే కుదరదు, స్టేజీ మీద తెరలు కూడా కట్టాలి. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ) కోర్సు మూడేళ్లు. డిగ్రీతో పాటు అంతకుముందు కొన్ని నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు, చేరినవాళ్లకి స్కాలర్‌షిప్పు ఇస్తారు. పీజీ అయ్యాక పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌లో నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసుకోవచ్చు, అది పాసైతే లెక్చరర్ దారి ఉంటుంది. ఎక్కడ సీటొస్తే అక్కడ చేరు. దీని మీద ఇంతకన్నా టెన్షన్ పడొద్దు.

నాయన సంగతి. మన ఊళ్లలో భారతం జరిగేటప్పుడు తపస్సు మాను, అంటే తపస్సు కోసం నిలబెట్టే పొడవాటి స్తంభం, ఎక్కే అర్జునుణ్ణి నువ్వు నాకన్నా దగ్గర నుంచి చూసుంటావు. దీక్షలో ఉండి, ఒక్కో మెట్టుకి ఒక్కో పద్యం పాడుతూ అంత ఎత్తుకి ఎక్కుతాడు. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో నేల మీద పడుకుని ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం కొంగులు పడతారు. ఆ పూట ఊరంతా ఆయనకు దణ్ణం పెడుతుంది. పద్దెనిమిది రోజులూ అయిపోయాక మూట సర్దుకుని బస్సు కోసం నిలబడితే ఆయన మామూలు మనిషి, చేతిలో ఉన్నది నాలుగు రోజుల ఇంటి ఖర్చుకి కూడా చాలదు. అది బతికి చూసిన మనిషి కొడుకుతో వద్దు అనకపోతే ఇంకేమంటాడు? ఆయన మాటలో కోపం లేదు, భయమే ఉంది. ఉద్యోగం దారి ఇదీ అని కాగితం మీద చూపిస్తే ఆ భయం సగం తగ్గుతుంది. ఆయన నీకు అడ్డం కాదు, అడ్డమైతే నన్ను కాలేజీ పేర్లు అడిగేవాడివే కాదు.

నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది మీ అక్క. ‘ఏమీ అనదు’ అని రాశావు చూడు, ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆమెను ఎవరైనా ఏమైనా అడిగితే కదా అనడానికి! పద్దెనిమిదేళ్ల పిల్ల పుస్తకాలు పక్కన పడేసి కంపెనీ బస్సెక్కింది. పదకొండేళ్లుగా షిఫ్టులు చేస్తోంది. ఇప్పుడు నువ్వు రెండేళ్లు, ఢిల్లీ అయితే మూడేళ్లు, ఊరు దాటి వెళ్లాలంటే ఆ ఇల్లు మళ్లీ ఎవరి మీద? ఆ లెక్క నీ ఉత్తరంలో లేదు. నీ జీతం తక్కువ అని రాశావు, అందులో ఇంటికి ఎంత ఇస్తున్నావో రాయలేదు. నాయనను ఒప్పించాలని ఉంది కానీ, అక్కను అడగాలని నీకు తట్టనే లేదు. అక్క ఒప్పుకుంటుందని నువ్వే తేల్చేసుకున్నావు. మన ఇళ్లలో ఇది బాగా అలవాటైన అన్యాయం, నోరెత్తని ఆడపిల్ల మీదికే బరువు ఒక్కొక్కటిగా జారుతుంది. ఎవరూ చెడ్డవాళ్లు కారు, ఎవరూ అడగరు, అంతే.

ఇంకొక మాట. ద్రౌపది పద్యాలన్నీ నోటికొచ్చిన పిల్ల, భుజకీర్తులకు అద్దాలు అతికించిన పిల్ల. మీ ఇంట్లో నాటకం పిచ్చి ముందు పట్టుకున్నది ఎవరిని? మన వీధి నాటకాల్లో ద్రౌపది వేషం కూడా ఎక్కువగా మగవాళ్లే కడతారు. పక్కనే కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజంలో ఆ ఇంటి ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. అలాంటి ఇంట్లో పుట్టి ఉంటే మీ అక్క ఏమయ్యేదో! ఆమె వదులుకున్నది చదువొక్కటే అనుకున్నావు. అంతకన్నా ఎక్కువే వదులుకుందని నా అనుమానం. నీకు దొరికిన ఈ కోరిక ఆమెకూ ఉండేదేమో, నువ్వెప్పుడూ అడగలేదు.

అయితే నువ్వు ఆమె మీద నాటిక రాశావు, బహుమతి తెచ్చుకున్నావు. ఆ నాటిక అక్క చదివిందా? ఆ కాగితాలు తీసి ఒకసారి చూడు. అందులో అక్క పాత్రకి ఎన్ని మాటలున్నాయి? ఒక్క చోటైనా తమ్ముణ్ణి కాదంటుందా, కసురుకుంటుందా, ‘నాకూ ఒకటి కావాలి’ అంటుందా? నా ఊహ ఏమిటంటే అందులోనూ అక్క ఏమీ అనదు, కన్నీళ్లు తుడుచుకుని దీవిస్తుంది. అదే నిజమైతే ఆ నాటిక ఇంకా పూర్తి కాలేదు, బహుమతి వచ్చినా సరే. ఎదురు మాట్లాడని పాత్రతో నాటకం నడవదని నీ కోర్సులో మొదటి నెలలోనే చెబుతారు. పదకొండేళ్లు ఎదురు మాట లేకుండా నడిచిన ఇంటిలో కూడా అదే లోపం ఉంది.

వచ్చే వీక్లీ ఆఫ్‌కి పల్లెకి వెళ్లు. మొదట పీజీ మాట ఎత్తకు. నాటిక తీసుకెళ్లి అక్క చేత చదివించు. ఆమె అక్క పాత్ర చదవాలి, తమ్ముడి పాత్ర నువ్వు చదువు. చదివాక ‘ఇందులో నేను తప్పుగా రాసింది ఏది?’ అని అడిగి ఊరుకో. ‘బాగుందిరా’ అని తప్పించుకోవడానికి చూస్తుంది. వదలొద్దు, మళ్లీ అడుగు. చదువు ఆపినప్పుడు ఏమనిపించింది, ఇప్పుడైనా దూరవిద్యలో డిగ్రీ చేస్తావా అని అడుగు. పెళ్లి సంగతీ అడుగు. ‘పెళ్లి చెయ్యాలి’ అని నువ్వు రాసిన తీరు చూస్తే, ఆమె వద్దందో, సంబంధాలే చూడలేదో, ఆమె మనసులో ఎవరైనా ఉన్నారో నీకు తెలిసినట్టు లేదు. తమ్ముడివి, ఇది తెలుసుకోవలసిన బాధ్యత నీది.

తర్వాత ఇంటి మీద అప్పులేమైనా ఉంటే ఆ కాగితాలు అడిగి తీసుకో. కుదువలో ఏమున్నాయి, డ్వాక్రా లోనులో ఎంత మిగిలింది, ఏ నెల ఎంత కడుతోంది అన్నీ రాసుకో. ఈ ఒక్క ఏడాది ఆ వాయిదాలు నీ జీతంలోంచి కట్టు, చాలకపోతే సాయంత్రాలు ట్యూషన్లు చెప్పు. అక్క జీతం అక్క పేరు మీద బ్యాంకులో పడనీ. తోడబుట్టినది పెట్టిన డబ్బుతో చదవడం తప్పని నేను అనను. అడక్కుండా తీసుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. చదువుకుని పైకొచ్చిన మగపిల్లవాడు, వాడి వెనక వయసు దాటిపోయిన అక్కలు, ఈ కథ మన జిల్లాలో ఇంటికొకటి ఉంది. ఇంకొకటి నాకు వద్దు.

ఏడాది ఆలస్యమైతే కొంప మునగదు. ఎన్‌ఎస్‌డీకి 30 ఏళ్ల దాకా అవకాశం ఉంది, యూనివర్సిటీలు ఎక్కడికీ పోవు. ఈలోగా ప్రవేశ పరీక్షకి చదువుకో, తిరుపతిలో జరిగే ఏ నాటకానికైనా వెళ్లి తెర వెనక పనిచెయ్యి. ఆ అనుభవం రేపు ఇంటర్వ్యూలో పనికొస్తుంది. వెళ్లవద్దని నేను చెప్పడం లేదు. మన భారతం ఆటల ఇళ్లలోంచి ఒక నాటక రచయిత రావాలని నాకూ గట్టిగా ఉంది.

అక్క ఏమందో నాకు మళ్లీ రాయి. తిట్టినా, వద్దన్నా, ఏడ్చినా సరే, నువ్వు సర్దకుండా ఆమె అన్న మాటలే రాయి.