లూర్‌కి హుక్ మార్చేటప్పుడు నంబర్ ఒక్కటే చూడకండి

ఈసారి టెక్ సందేహాలన్నీ ఒకే వస్తువు మీద వచ్చాయి. సముద్రంలో చేపలు పట్టే లూర్లకు, అంటే కృత్రిమ ఎరలకు, పాత హుక్స్ తీసి కొత్తవి వేయడం ఎలా అని అడుగుతున్నారు. చూడటానికి చిన్న వస్తువే అయినా దీంట్లో కొలతలు, లోహాలు, బరువుల లెక్క చాలా ఉంది. అందుకే ఈ వారం అంతా దీనికే కేటాయించాను.

ప్రశ్న: నా దగ్గర 12 సెంటీమీటర్ల తేలే మిన్నో లూర్ (చిన్న చేప ఆకారంది) ఉంది. హుక్స్ తుప్పు పట్టాయని అదే 4వ నంబర్ ట్రెబుల్ హుక్స్ (మూడు మొనలవి) ఆన్‌లైన్‌లో తెప్పించి వేశాను. గట్టిగా ఉంటాయని 4ఎక్స్ తీసుకున్నాను. ఇప్పుడు లూర్ తేలడం లేదు, లాగుతుంటే ముందులా ఊగడమూ లేదు. లూర్ పాడైపోయిందా?

లూర్‌కి ఏమీ కాలేదు. హుక్స్ బరువెక్కాయి. నంబర్ సైజు ఒక్కటే చెబుతుంది, అదీ సుమారుగా. 4ఎక్స్ అంటే హుక్ తీగ బాగా లావు, కాబట్టి బరువూ ఎక్కువే. ఒక్కో హుక్‌కి అర గ్రాము పెరిగిందనుకున్నా మూడు హుక్స్‌కి గ్రామున్నర అవుతుంది. తేలే లూర్లు తయారుచేసేవాళ్లు లోపల ఎంత గాలి ఉండాలి, గుండ్లు ఎంత బరువుండాలి అన్నది హుక్స్ బరువు కూడా కలుపుకునే లెక్కేస్తారు. పొట్ట కింద బరువు పెరిగితే లూర్ అటూ ఇటూ పొర్లడం తగ్గుతుంది. తోక దగ్గర పెరిగితే వెనక భాగం కిందికి వాలిపోయి ఆట మొద్దుబారుతుంది. మరీ తేలికైన హుక్స్ వేసినా ఇబ్బందే. వేగంగా లాగినప్పుడు లూర్ పక్కకు తిరగబడుతుంది.

దీనికి కావలసిన గ్యాడ్జెట్ ఒక్కటే: 0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ త్రాసు, నగలు తూచడానికి వాడే రకం. వంటింటి త్రాసు చాలా వరకు ఒక గ్రాముకు తక్కువ తేడా చూపించదు, ఈ పనికి చాలదు. త్రాసు మీద చిన్న మూత పెట్టి సున్నా చేయండి. పాత హుక్‌ని, దాన్ని లూర్‌కి తగిలించే స్ప్లిట్ రింగ్‌తో కలిపి మూతలో వేసి తూచండి. పొట్ట హుక్, తోక హుక్ విడివిడిగా తూచాలి, ఎందుకంటే రెండూ ఒకే సైజు కాని లూర్లు చాలా ఉన్నాయి. ఫోన్‌లో ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి లూర్ పేరు, ఏ చోటి హుక్, పాత బరువు, కొత్త బరువు అని నాలుగు గళ్లు పెట్టుకోండి. కొత్త లూర్ కొన్నప్పుడల్లా, నీళ్లలో దించకముందే ఈ పని చేస్తే తర్వాత వెతుక్కునే బాధ ఉండదు. తుప్పు పట్టి రాలిపోయిన హుక్‌ని ఎంత తూచినా అసలు బరువు తెలియదు.

బిగించాక బకెట్‌లో పరీక్షించండి, కానీ ఉత్త కుళాయి నీళ్లలో వద్దు. సముద్రపు నీరు మంచినీటి కన్నా సుమారు రెండున్నర శాతం సాంద్రంగా ఉంటుంది. 20 మిల్లీలీటర్ల నీటిని పక్కకు నెట్టే లూర్‌కి సముద్రంలో దాదాపు అర గ్రాము ఎక్కువ తేలుడు దొరుకుతుంది. మనం పట్టుకోవాలని చూస్తున్న తేడా కూడా అంతే కదా! లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపితే సముద్రానికి దగ్గరగా వస్తుంది. అందులో లూర్ తేలుతోందా, తల ఎటు వంగి ఉంది, ఏ పక్కకైనా ఒరుగుతోందా చూడండి.

మీ మిన్నోకి నేనైతే అదే 4వ నంబర్‌లో 2ఎక్స్ వేస్తాను. 4ఎక్స్ కావాలంటే ఒక సైజు తగ్గి 6వ నంబర్‌కి (ఇక్కడ నంబర్ పెరిగితే హుక్ చిన్నది) వెళ్లవచ్చు గానీ, మొనకీ కాడకీ మధ్య గ్యాప్ తగ్గిపోతుంది. లావు పొట్ట ఉన్న లూర్‌కి అది నష్టం.

ప్రశ్న: 4ఎక్స్ అంటే నాలుగు రెట్ల బలమా? ఎంత ఎక్కువైతే అంత మంచిది కాదా?

నాలుగు రెట్లు కాదు. అసలు లెక్క ప్రకారం ఆ హుక్ కన్నా నాలుగు సైజులు పెద్దదైన హుక్‌కి వాడే తీగతో దాన్ని చేశారని అర్థం. ఇప్పుడు ఏ కంపెనీ లెక్క దానిదే, ఒకరి 3ఎక్స్‌ని మరొకరి 3ఎక్స్‌తో పోల్చలేం. సైజుల్లోనూ ఇదే గొడవ. 6 కన్నా 4 పెద్దది, 4 కన్నా 2 పెద్దది, 1 దాటాక 1/0, 2/0 అని పైకి వెళ్తుంది. ఆ వరస అందరికీ ఒకటే, మిల్లీమీటర్లలో కొలత మాత్రం కంపెనీని బట్టి మారుతుంది.

ఎక్కువైతే మంచిదా అంటే, మీ రాడ్‌ని బట్టి. లావు తీగ చేప నోట్లో దిగాలంటే గట్టిగా లాగాలి. మెత్తని రాడ్, సన్నని లైన్, తక్కువ డ్రాగ్ (రీల్ బిగువు) పెట్టుకుని 4ఎక్స్ వాడితే మొన గుచ్చుకుంటుంది గానీ బార్బ్ (మొన వెనకుండే ముల్లు) లోపలికి వెళ్లదు, చేప ఒక్కసారి తల విదిలిస్తే జారిపోతుంది. పైగా హుక్ బలం పెంచితే లాగుడంతా పక్కనున్న బలహీనమైన భాగం మీద పడుతుంది. ముందు స్ప్లిట్ రింగ్ తెరుచుకుంటుంది. దాన్నీ మార్చారంటే, లోపల పొడవునా తీగ లేకుండా, రింగ్ తగిలించే చోట మర మేకు బిగించిన లూర్లలో ఆ మేకే ఊడి వస్తుంది.

ప్రశ్న: ట్రెబుల్ తీసేసి ఒంటి హుక్ వేద్దామనుకుంటున్నాను. చేపని తిరిగి వదిలేయడం తేలికని విన్నాను. ఎలాంటిది కొనాలి?

మంచి ఆలోచన. చేపకి గాయం తగ్గుతుంది, మీ చేతికీ ప్రమాదం తగ్గుతుంది, నాచు తక్కువ పట్టుకుంటుంది. ట్రెబుల్‌లో రెండు మొనలు గుచ్చుకున్నప్పుడు చేప మెలికలు తిరిగితే ఒక మొన మీద ఇంకొకటి ఒత్తిడి పెట్టి హుక్‌ని వంచేస్తుంది. ఒంటి హుక్‌తో ఆ బెడద లేదు. పక్కనుంచి కొట్టి పోయే చేపలు తగలడంలో మాత్రం ట్రెబుల్‌దే పైచేయి అని నా అభిప్రాయం.

కొనేటప్పుడు ‘ఇన్‌లైన్ సింగిల్’ అని ఉన్నదే తీసుకోండి. దాని కన్ను (రింగ్ తగిలించే రంధ్రం) మామూలు హుక్ కన్నుకి అడ్డంగా తిరిగి ఉంటుంది, కాబట్టి ఒక్క స్ప్లిట్ రింగ్‌తోనే సరైన దిక్కుకి వేలాడుతుంది. మామూలు హుక్ తెస్తే అలా నిలబడటానికి రెండు రింగులు కావాలి. పొట్ట హుక్ మొన లూర్ తల వైపు, తోక హుక్ మొన పైకి చూసేలా పెట్టండి. సైజు ట్రెబుల్ కన్నా రెండు మూడు మెట్లు పెద్దది పడుతుంది. ట్రెబుల్ 2వ నంబర్ ఉంటే 1/0, 2/0 దగ్గర వెతకండి. గ్యాప్ లూర్ ఒంటి మందం దాటి బయటికి కనిపించాలి, కానీ ముందు హుక్ వెనక హుక్‌ని అందుకోకూడదు. ఇక్కడ కూడా త్రాసు తప్పదు. బరువు తగ్గితే కాస్త లావు స్ప్లిట్ రింగ్ వేసి సరిచేయవచ్చు.

ప్రశ్న: తుప్పు గొడవే లేకుండా స్టెయిన్‌లెస్ హుక్స్ వేసుకోవచ్చు కదా?

వేసుకోవచ్చు, నేను మాత్రం వద్దంటాను. హై కార్బన్ స్టీల్‌కి వచ్చినంత పదును, గట్టిదనం స్టెయిన్‌లెస్‌కి మామూలుగా రావు. లైన్ తెగి చేప నోట్లో ఉండిపోతే అది చాలాకాలం అలాగే ఉంటుంది. తగరం పూత ఉన్న కార్బన్ స్టీల్ సముద్రానికి సరిపోతుంది. బ్రాంజ్ రంగువి మంచినీటికే వదిలేయండి.

తగరం పూతకి ఒక లోపం ఉంది. పైన కప్పినంతవరకే కాపాడుతుంది. గీత పడితే ఆ చోట ఇనుము ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. ఆకురాయితో మొన సానబెట్టామంటే పూతని మనమే తీసేసినట్టు. సానబెట్టాక చెరగని మార్కర్ పెన్నుతో మొన మీద రుద్దితే కొంత రక్షణ ఉంటుంది. స్టెయిన్‌లెస్ రింగ్ తగిలే హుక్ కన్ను దగ్గర కూడా తుప్పు ముందుగా మొదలవుతుంది. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉంటే వాటిలో తేలిగ్గా తుప్పు పట్టేదానికి దెబ్బ తగులుతుంది. అందుకే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి. తడి లూర్ ఒక్కటి పెట్టినా డబ్బా అంతా పాడవుతుంది.

ప్రశ్న: ఫోన్‌తో ఫొటో తీస్తే హుక్ సైజు చెప్పే యాప్ ఏదైనా చెప్పండి.

ఒకే ప్రమాణం లేని నంబర్‌ని యాప్ మాత్రం ఎలా చెబుతుంది? కొలతలే తీసుకోండి. డిజిటల్ వెర్నియర్ ఉంటే తీగ మందం, గ్యాప్, మొత్తం పొడవు చూసి, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఇచ్చే మిల్లీమీటర్ల పట్టికతో పోల్చండి. వెర్నియర్ లేకపోతే గ్రాఫ్ కాగితం మీద హుక్ పెట్టి ఫొటో తీయండి. ఫోన్‌ని దగ్గరగా పెడితే అంచులు సాగినట్టు వస్తాయి. కాస్త ఎత్తు నుంచి, నిటారుగా, 2ఎక్స్ జూమ్‌తో తీయాలి.

ఫోన్ కెమెరా నిజంగా పనికొచ్చేది మొన చూడటానికి. మ్యాక్రోలో తీసి పెద్దది చేస్తే మొన మడత పడిందో లేదో తెలుస్తుంది. బొటనవేలి గోటి మీద మొన ఆనించి మెల్లగా లాగినా తెలుస్తుంది: పట్టుకుంటే పదునుంది, జారితే లేదు. తీగ ఒకసారి వంగి తిరిగి సరిచేసినదైతే మాత్రం సానబెట్టవద్దు, తీసేసి కొత్తది వేయండి.