హారర్ గేమ్‌లో గోండు గూడెం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ముగ్గురం కలిసి 18 ఏళ్లు దాటినవాళ్ల కోసం హారర్ గేమ్ చేస్తున్నాం. కథ ఆదిలాబాద్ అడవిలోని ఓ గోండు గూడెంలో నడుస్తుంది. గుస్సాడీ రూపంలో తిరిగే దెయ్యం, నరబలి ఇచ్చే పూజారి అందులో ముఖ్య పాత్రలు. గోండుల్ని కించపరచకుండా దీన్ని ఎలా తీయాలి?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ రెండు పాత్రల్నీ తీసేయండి. మిగతాదంతా ఆ తర్వాతే.

గుస్సాడీని నాటకంలో వేషంలా చూడకండి. దీపావళి రోజుల్లో దండారీ పండగ మొదలయ్యాక గుస్సాడీలు ఒంటికి బూడిద పూసుకుని, భుజాన తోలు, తలకు నెమలి ఈకల టోపీ, చేతిలో కర్రతో ఊరూరా తిరిగి ఆడతారు. ఆ పండగ ముగిసేదాకా స్నానం చేయరు. అన్నాళ్లూ వాళ్ల మీద దేవుడుంటాడని గూడెం నమ్మకం. కర్ర తాకితే రోగం పోతుందని జనం ఎదురొచ్చి మరీ తాకించుకుంటారు. అదే టోపీని మీరు దెయ్యం నెత్తిన పెట్టి, ఆటగాడి చేత గొడ్డలితో నరికిస్తే, ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలకు కనబడేది దేవుణ్ని నరకడమే. ఈకల రంగు మార్చినా, పేరు మార్చినా ఆ ఆకారాన్ని ఇట్టే గుర్తుపడతారు.

పూజారి సంగతి ఇంకా ప్రమాదం. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలుగు నేల మీద ఉన్నాయి, ఏజెన్సీ ఊళ్లలోనూ ఉన్నాయి. గూడెం పూజారి అయిన దేవారిని రక్తం తాగే మంత్రగాడిగా చూపిస్తే ఆ అనుమానానికే ఊతం ఇచ్చినట్టు. చట్టం కూడా ఉంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(యు) ప్రకారం మాటలతోనే కాదు, కంటికి కనిపించే చిత్రణతో ఆ వర్గాల మీద ద్వేషం రెచ్చగొట్టినా నేరమే. పెద్దలకు మాత్రమే అన్న రేటింగ్ హింస గురించి చేసే హెచ్చరిక. ఇక్కడ అది మిమ్మల్ని కాపాడదు. అదే రేటింగ్ చూసుకుని గిరిజన స్త్రీలను అర్ధనగ్నంగా బొమ్మ కట్టడం కూడా వద్దు.

మరి భయం ఎక్కణ్నుంచి తేవాలి? బయటి నుంచి వచ్చినవాడి నుంచి తెండి. ఈ ప్రాంతపు గోండులు వడ్డీ వ్యాపారుల చేతుల్లో, వలసల ఒత్తిడిలో భూములు పోగొట్టుకున్నారు. పాడుబడ్డ షావుకారు ఇల్లు, అందులో ఒక ఖాతా పుస్తకం, తెరిచిన ప్రతిసారీ పేజీలో ఒక వేలిముద్ర ఎక్కువ. చివరి పేజీలో ఆటగాడిదే. దీనికి ఏ దేవుడూ అక్కర్లేదు. అయితే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు జరిపిన కాల్పుల్ని మాత్రం భయపెట్టే సన్నివేశంగా వాడొద్దు. అక్కడ పోయినవాళ్ల కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

గోండు పాత్రలు దారి చూపించి అందరికన్నా ముందు చచ్చిపోయేవాళ్లు కాకూడదు. స్కూల్లో పాఠం చెప్పే టీచరమ్మ, బైకు మీద ఉట్నూరు వెళ్లొచ్చే కుర్రాడు... ఇలా ఇవాళ్టి మనుషులు ఉండాలి. ఇళ్లకు మట్టి గోడలు, పెంకు కప్పు వేయండి. ఆభరణాలు, పనిముట్లు చూసుకోడానికి హైదరాబాద్‌లోని గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ మ్యూజియం పనికొస్తుంది.

గూడెం వాళ్లను ఎప్పుడు కలవాలన్న దగ్గరే చాలా బృందాలు తప్పు చేస్తాయి. దెయ్యానికి మోడల్, దాన్ని కదిలించే ఎముకల చట్రం (రిగ్), యానిమేషన్ అన్నీ అయ్యాక చూపిస్తే, అప్పుడు వాళ్లు "వద్దు" అంటే నెలల పని పోతుంది. దాంతో మార్చడం మానేసి వాదించడం మొదలవుతుంది. అందుకే కథ రెండు పేజీల్లో ఉన్నప్పుడే తెలుగులో రాసి, రాయి సెంటర్ (గోండుల సంప్రదాయ పెద్దల సభ) పెద్ద అయిన సార్మెడి దగ్గరికి, గూడెం పెద్ద అయిన పటేల్ దగ్గరికి తీసుకెళ్లండి. ఒకరి మాటతో సరిపెట్టుకోకండి. వేర్వేరు వంశాల నుంచి కనీసం ముగ్గురు, అందులో ఒక స్త్రీ, చదువుకుంటున్న ఒక యువతో యువకుడో ఉండాలి. రంగులు వేయని డబ్బాలతో లెవెల్ కట్టినప్పుడు రెండోసారి, గొంతులు రికార్డు చేశాక మూడోసారి చూపించండి.

ఒప్పందంలో ఈ మాటలు స్పష్టంగా రాయండి: గేమ్ విడుదలైనా కాకపోయినా వాళ్ల రోజు కూలీ, ప్రయాణ ఖర్చులు ఇస్తారు, వద్దన్నది తీసేస్తారు, గొంతులు ఈ ఒక్క గేమ్‌కే వాడతారు, కృత్రిమ గొంతు తయారీకి ఇవ్వరు, వాళ్లు ఒప్పుకుంటేనే పేర్లు వేస్తారు. పూజ స్థలాల్లో ఫోటోలు, స్కానింగ్ అడగనే వద్దు.

ప్రశ్న: గోండుల పేరు తీసేసి ఊహించిన తెగ పేరు పెడితే ఈ బాధ ఉండదు కదా?

జవాబు: ఉంటుంది. గేమ్‌ల కోసం దొరికే రెడీమేడ్ "ట్రైబల్" బొమ్మల ప్యాక్‌లో పుర్రెల స్తంభాలు, ఎక్కడివో ముసుగులు, డోలు చప్పుడు ఉంటాయి. పేరేదైనా చూసేవాడికి "అడవి మనుషులంటే ఇంతే" అనే అందుతుంది. ఉత్తర అమెరికాలో వెండిగో గతి చూడండి. క్రీ, ఒజిబ్వే ప్రజలకు అది చలికాలపు ఆకలి, అత్యాశ మనిషిని ఏం చేస్తాయో చెప్పే కథ. సినిమాలూ గేములూ దాన్ని జింక కొమ్ముల రాక్షసిగా మార్చేశాయి.

దీనికి ఎదురుగా 2014లో వచ్చిన నెవర్ అలోన్ అనే గేమ్ ఉంది. అలాస్కా ఇనూపియాట్ ప్రజల కథతో, అక్కడి కుక్ ఇన్‌లెట్ గిరిజన మండలి భాగస్వామ్యంతో తయారైంది. కథ చెప్పే గొంతు కూడా ఇనూపియాక్ భాషలోనే వినిపిస్తుంది.

ప్రశ్న: గోండి సబ్‌టైటిల్స్ పెడితే తెర మీద ఖాళీ పెట్టెలు వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు లిపి సరిచూసుకోండి. ఆదిలాబాద్ ప్రాంతానిది గుంజాల గోండి లిపి, 2018లో యూనికోడ్‌లో చేరింది. మసారం గోండి వేరే లిపి, దాన్ని ఇక్కడ వాడకండి. నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంట్‌ను గేమ్‌లోనే కలిపేస్తే పెట్టెలు పోతాయి.

ఆ తర్వాత ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడితే తప్పు ఫాంట్‌ది కాదు, అక్షరాల్ని కూర్చే ఇంజిన్‌ది. గేమ్ ఇంజిన్లలో అన్‌రియల్, గోడో 4 అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో ఆ పని చేస్తాయి. యూనిటీ ఇంజిన్‌లో రాతలు చూపించే టెక్స్ట్‌మెష్‌ప్రో తెలుగు ఒత్తుల్నే సరిగా కూర్చదు. అందులో ఉంటే బోర్డుల్లాంటి కొద్దిపాటి రాతల్ని బొమ్మలుగా పెట్టండి, మిగతావాటికి కూర్పు చేసే ప్లగిన్ చూసుకోండి. గోండి మాట్లాడినా గుంజాల లిపి రానివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, అదే గోండి మాటను తెలుగు లిపిలో చదువుకునే వీలు కూడా సెట్టింగ్స్‌లో ఇవ్వండి. బస్తర్ గోండికీ ఇక్కడి గోండికీ తేడా ఉంది. రాసే మనిషి, మాట్లాడే మనిషి ఇద్దరూ ఈ ప్రాంతం వాళ్లే కావాలి.